కొండ అంచున ఒక విద్యాపీఠం

పూర్వం తెలుగునాట బీద విద్యార్థి వారాలు చేసుకొని చదువుకొనేవాడు. సోమవారం ఒకరి ఇంట, మంగళవారం మరొకరి ఇంట భోజనం. రాత్రి ఏ వీధి అరుగుమీదనో నిద్ర. అన్నం పెట్టిన ఇల్లాలికి అది బరువు కాదు, పుణ్యం. కాని తినే పిల్లవాని మనస్సులో ఎక్కడో ఒక ముల్లు ఉండేది. పరాయి గుమ్మం ముందు నిలబడి, లోపలినుండి పిలుపు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూచిన ఆ క్షణాన్ని, తరువాత ఎంతవాడైనా అతడు మరువలేకపోయేవాడు. అదియునుగాక, ఆ అరుగులు అన్ని కులాల పిల్లలకూ చోటివ్వలేదు. అన్నదానానికి కూడ హద్దులుండేవి.

బీదవానికి చదువు చెప్పడం ఎట్లా? చెప్పినా, అతని అభిమానానికి దెబ్బ తగులకుండ చెప్పడం ఎట్లా? ఆ చదువుల పంక్తిలో అందరినీ సరిసమానంగా కూర్చుండబెట్టడం ఎట్లా? ఈ మూడు ప్రశ్నలకూ ఒక్కచోటనే సమాధానం వెదకిన విద్యాలయం ఒకటి అమెరికాలో కలదు. కెంటకీ రాష్ట్రపు కొండల అంచున ఉన్న ఆ విద్యాలయం పేరు బెరియా కళాశాల. అది ప్రభుత్వానిది కాదు. దాతల ధనంతో, విద్యార్థుల శ్రమతో నడిచే ప్రైవేటు సంస్థ. మొదటి రెండు ప్రశ్నలకూ అది చెప్పిన సమాధానం లోకానికి ఆదర్శమైనది. మూడవ ప్రశ్న దగ్గర మాత్రం అది అందరికంటె ముందు నడిచి, నడుమ ఓడిపోయి, అర్ధశతాబ్ది పిమ్మట మళ్లీ లేచి నిలిచినది. ఆ ఓటమిని విడిచి దాని గొప్పను మాత్రమే చెబితే అది సగం కథే అవుతుంది.

మిట్టమీద బడి

లెక్సింగ్టన్ నగరంనుండి దక్షిణంగా సుమారు 40 మైళ్లు పోయేసరికి కెంటకీలోని పచ్చిక మైదానాలు ముగిసి కంబర్లండు కొండలు మొదలవుతాయి. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో ఆ మైదానాలలో విశాలమైన పొలాలు, మేలుజాతి గుర్రాలు, వాటితోపాటు బానిసలు ఉండేవారు. కొండలలో ఉన్నవారికి చిన్న చిన్న కమతాలు, దుంగలతో కట్టుకొన్న ఇండ్లు. వారిలో బానిసలున్నవారు బహు తక్కువ. చదువుకొన్నవారు అంతకంటె తక్కువ. ఈ రెండు లోకాలకూ నడుమనున్న ఒక మిట్టపై 1855లో ఒక గది బడి వెలసినది. దానికి పునాది వేసినవాడు జాన్ గ్రెగ్ ఫీ.

ఫీ కెంటకీ గడ్డపై పుట్టినవాడే. తండ్రికి బానిసలుండేవారు. కుమారుడు మతవిద్య చదివి, బానిసత్వం పాపమని బోధించడం ప్రారంభించేసరికి తండ్రి అతనిని ఆస్తికి దూరం చేశాడు. ఊరూర దుండగులు అతనిపై పడ్డారు. అట్టి సమయంలో అతనిని పిలిచి, మాడిసన్ కౌంటీలో భూమి ఇచ్చి నిలిపినవాడు కాషియస్ మార్సెలస్ క్లే అనే సంపన్న రాజకీయవేత్త. ముష్టియుద్ధ వీరుడు మహమ్మదాలీకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఈయనదే. క్లే కూడ బానిసత్వానికి విరోధియే గాని, అది క్రమక్రమంగా, చట్టబద్ధంగా పోవాలని అతని మతం. ఫీ అంతకాలం ఆగగలవాడు కాడు. దైవశాసనానికి విరుద్ధమైన చట్టం చట్టమే కాదని 1856లో అతడు బహిరంగంగా చెప్పడంతో మిత్రులిద్దరూ విడిపోయారు.

బైబిలులో చెప్పబడిన బెరియా అనే ఊరివారు ఏ మాటనైనా విప్పారిన మనస్సుతో విని పరీక్షించేవారట. ఆ పేరునే ఫీ తన ఊరికి పెట్టుకొన్నాడు. భూమిమీది జనులందరిదీ ఒకే రక్తమన్న బైబిలు వాక్యాన్ని విద్యాలయానికి ధ్యేయవాక్యంగా గ్రహించారు. 1859లో తయారైన నిబంధనావళిలో, సచ్ఛీలం గల వారందరికీ వీలైనంత తక్కువ ఖర్చుతో చదువు చెప్పాలనీ, కాయకష్టం చేసి తమ ఖర్చు తాము భరించుకొనే వీలు విద్యార్థులకు కల్పించాలనీ వ్రాసుకొన్నారు. సమత, శ్రమ, సులభ విద్య—ఈ మూడూ ఆనాడే ఒకే కాగితంపై ఎక్కినవి.

అయితే ఆ కాగితంమీది సిరా ఆరకముందే పిడుగు పడినది. 1859 అక్టోబరులో జాన్ బ్రౌన్ అనే వీరుడు బానిసల విముక్తికై హార్పర్స్ ఫెర్రీలోని ఆయుధాగారంపై దాడి చేశాడు. దక్షిణాది రాష్ట్రాలన్నీ గడగడలాడిపోయినవి. ఫీ అప్పుడు చందాలకై ఉత్తరాదిన పర్యటిస్తూ చేసిన ఒక ఉపన్యాసంలో బ్రౌన్ పేరు వచ్చినది. పత్రికలలో అది వక్రించి, ఫీ తిరుగుబాటును ప్రోత్సహిస్తున్నాడన్న వదంతి కెంటకీకి చేరినది. డిసెంబరు నెలలో సుమారు 60 మంది ఆయుధపాణులు గుర్రాలపై బెరియాకు వచ్చి, పది దినాలలో ఊరు విడువవలసినదని ఉపాధ్యాయులకు ఆజ్ఞ ఇచ్చారు. గవర్నరుకు మొరపెట్టుకొన్నా రక్షణ దొరకలేదు. పిల్లాపాపలతో, నడిచలిలో, వారు ఒహాయో నది దాటి వెళ్లిపోయారు. బడి తలుపు మూతపడినది.

పక్కపక్కన బల్లలు

అంతర్యుద్ధం ముగిసిన తరువాత వారు తిరిగి వచ్చారు. యుద్ధకాలంలో ఫీ కాంప్ నెల్సన్ అనే శిబిరంలో, సైన్యంలో చేరి స్వేచ్ఛ పొందిన నల్లజాతి యోధులకూ, వారి కుటుంబాలకూ చదువు చెప్పాడు. ఆ కుటుంబాలలో కొన్ని అతని వెంట బెరియాకు వచ్చి స్థిరపడినవి. 1866లో బడిలోనికి మొదటిసారి నల్లజాతి బాలికలు అడుగుపెట్టినప్పుడు తెల్లపిల్లలలో చాలమంది లేచి వెళ్లిపోయారు. ఉపాధ్యాయులు వారిని బ్రతిమాలలేదు, తలుపు మూయనూలేదు. వెళ్లినవారిలో కొందరు మళ్లీ వచ్చారు. 1866-67 విద్యాసంవత్సరంలో బడిలో ఉన్న 187 మందిలో 96 మంది నల్లవారు, 91 మంది తెల్లవారు.

ఈ అంకెల విలువ నాటి కాలం తెలిసినవారికే తెలుస్తుంది. రెండేళ్ల క్రితం వరకు సంతలో అమ్ముడుపోయిన మనుష్యుల బిడ్డలు, అదే రాష్ట్రంలో, తెల్లవారి పిల్లల పక్కన బల్లమీద కూర్చుండి అక్షరాలు దిద్దుకొన్నారు. దక్షిణాదిలో జాతిభేదం, స్త్రీపురుష భేదం లేకుండ అందరికీ కలిపి చదువు చెప్పిన మొదటి కళాశాల ఇదే. ఆ వెనుక దాదాపు పాతికేళ్ల పాటు రెండు జాతులవారూ ఇంచుమించు సరిసమానంగా ఇక్కడ చదివారు.

ఆ తరంలో బానిస తల్లికి పుట్టిన జేమ్స్ బాండ్ అనే బాలుడు, చేత డబ్బు లేక, ఒక కోడెదూడను తోలుకొని కాలినడకన బెరియాకు వచ్చి దానినే రుసుము కింద అప్పగించాడని చెబుతారు. అతడు 1892లో పట్టభద్రుడై, తరువాత ఆ కళాశాలకే ధర్మకర్తలలో ఒకడైనాడు. బొగ్గుగనులలో పనిచేసి వచ్చిన కార్టర్ వుడ్సన్ 1903లో ఇక్కడ పట్టా పుచ్చుకొన్నాడు. 1926లో ఆయన ప్రారంభించిన నల్లజాతి చరిత్ర వారోత్సవమే పెరిగి నేడు అమెరికాలో ఫిబ్రవరి నెల యావత్తూ జరిగే ఉత్సవమైనది.

చేతిపనియే రుసుము

1892లో విలియం గుడెల్ ఫ్రాస్ట్ అధ్యక్షుడుగా వచ్చాడు. ఆ సంవత్సరంనుండి నేటి వరకు బెరియాలో ఏ విద్యార్థి వద్దా బోధన రుసుము తీసుకోలేదు. అందుకు బదులు ప్రతి విద్యార్థీ పని చేయాలి. ప్రారంభంలో అవసరమున్నవారికి మాత్రమే ఉన్న ఈ ఏర్పాటు క్రమంగా అందరికీ నియమమైనది. నేడు వారానికి కనీసం 10 గంటలు ఏదో ఒక పని చేయనిదే ఇక్కడ చదువు సాగదు. దానికి కొంత వేతనం కూడ ముడుతుంది. అది పుస్తకాలకు, భోజన వసతులకు అక్కరకు వస్తుంది.

ఈ పని పేరుకు చేసే పని కాదు. విద్యార్థులు తమ బట్టీలో కాల్చిన ఇటుకలతో భవనాలు లేచినవి. 1906లో పూర్తయిన ప్రార్థనామందిరాన్ని వారి చేతులే నిలబెట్టినవి. ఆ కళాశాలను చూడ వచ్చే అతిథులకు వండి వార్చి అలసిన అధ్యక్షుని భార్య కోరికపై 1909లో బూన్ టావెర్న్ అనే సత్రం వెలసినది. నేటికీ అక్కడ గదులు సర్దేవారిలో, వడ్డించేవారిలో విద్యార్థులు ఉంటారు. కొండపల్లెల తల్లులు మగ్గంపై నేసిన దుప్పట్లను చూచి ముచ్చటపడిన ఫ్రాస్ట్ వాటికి పట్నాలలో గిరాకీ కల్పించాడు. బిడ్డల చదువు ఖర్చులకు దుప్పట్లు ఇచ్చిన తల్లులు ఉన్నారు. ఆ నేతపని, వడ్రంగం, జొన్నజాతి మొక్క కంకులతో చీపుళ్లు కట్టడం—ఇవన్నీ నేటికీ ఆ విద్యాలయంలో జీవించియున్న కళలు. సుమారు 9,000 ఎకరాల అడవి కళాశాల సొత్తు. ఇంతేగాక, పుస్తకమన్నది చూడని లోయలకు గుర్రపుబండిపై పుస్తకాలు పంపిన ఘనత కూడ దీనికి కలదు.

ఇందులోని కీలకం ఒక్కటే. ధనికుని బిడ్డ ఒకడు చదువుతూ ఉండగా బీదవాని బిడ్డ అతని ఎంగిలిపళ్లెం కడిగితే అది శ్రమ కాదు, అవమానం. అందరూ కడిగినచోట అది అవమానం కాదు. బెరియాలో చేర్చుకొనేది బీద కుటుంబాల పిల్లలనే; పని అందరికీ తప్పదు. కాబట్టి ఇక్కడ ఎవని చీపురూ ఎవనికీ చిన్నతనం కాలేదు. వారాల పిల్లవాని గుండెలోని ముల్లుకు ఇంతకంటె మంచి మందు దొరకదు. రసాయనశాస్త్రంలో 2002లో నోబెల్ బహుమానం పొందిన జాన్ ఫెన్ 1937లో పట్టా పుచ్చుకొన్నది ఇట్టి పనిపాటల నడుమనే.

రుసుము లేకుండ ఇంత భారం మోయడం ఎట్లాగన్న ప్రశ్నకు సమాధానం 1920లో ధర్మకర్తలు చేసిన ఒక తీర్మానంలో ఉన్నది. ఫలానా పనికే వాడమని షరతు లేకుండ మరణశాసనాల ద్వారా వచ్చే ధనాన్ని ఖర్చు చేయక మూలనిధిలో చేర్చాలని వారు కట్టడి చేసుకొన్నారు. నూరేళ్లలో ఆ నిధి నూరుకోట్ల డాలర్లు దాటినది. విత్తనం గింజలు తినని రైతు ఇంట్లో వలె, ఆ నిధి పంటతోనే నేడు సుమారు పదిహేనువందల మంది చదువుతున్నారు. 2017లో అమెరికా ప్రభుత్వం సంపన్న విశ్వవిద్యాలయాల నిధులపై పన్ను విధించినప్పుడు, బెరియా కూడ ఆ వలలో పడబోయినది. బీదల చదువుకై కూడబెట్టిన ధనాన్ని ధనికుల ధనంతో కలిపి లెక్కించడం అన్యాయమన్న వాదం నెగ్గి, 2018లో చట్టాన్ని సవరించారు. రుసుము చెల్లించే విద్యార్థులనే లెక్కలోనికి తీసుకొనడంతో బెరియా బయటపడినది.

విడదీసిన చట్టం

మూడవ ప్రశ్న మిగిలియున్నది. దానికి సమాధానం ఇంత సులభంగా దొరకలేదు.

ఫ్రాస్ట్ దృష్టి కొండజాతి తెల్లవారిపై ఎక్కువగా నిలిచినది. ఆ కొండవాసులు తమ పూర్వీకుల భాషను, పాటలను, ఆచారాలను చెక్కుచెదరకుండ దాచుకొన్న సమకాలీన పూర్వీకులని 1899లో ఒక ప్రసిద్ధ మాసపత్రికలో వ్రాశాడు. ఆ మాటలో ఎంత ప్రేమ ఉన్నదో అంత చులకన కూడ ఉన్నది. కొండవానిని ఒక కాలంనాటి బొమ్మగా చూడడమే అది. మన్యపు ప్రజలను గూర్చి మైదానపువారు వ్రాసే వ్రాతలలో తెలుగువారికీ ఈ ధోరణి కొత్త కాదు. ఏమైనా ఆ వ్రాతలకు ఉత్తరాది దాతలు కరిగారు. చందాలు వచ్చినవి, కొండలనుండి తెల్లవిద్యార్థులు వందలుగా వచ్చారు. నల్లవిద్యార్థుల పాలు తగ్గుతూ వచ్చినది. వృద్ధుడైన ఫీ ఇది చూచి బాధపడ్డాడు. 1901లో ఆయన కన్నుమూశాడు.

1904లో కార్ల్ డే అనే శాసనసభ్యుడు ఒక బిల్లు తెచ్చాడు. తెల్లవారికీ నల్లవారికీ కలిపి ఒకే విద్యాలయంలో చదువు చెప్పడం నేరం. చెప్పిన సంస్థకు 1,000 డాలర్ల జుల్మానా. ఒకే సంస్థ వేరువేరు శాఖలు పెట్టుకొన్నా వాటి నడుమ 25 మైళ్ల దూరం ఉండాలట! కెంటకీలో అట్లా కలిపి చదువు చెప్పే కళాశాల ఒక్కటే ఉన్నది. పేరు చెప్పకపోయినా ఆ చట్టం గురి ఎవరిపైననో ఎల్లరకూ తెలుసు.

కళాశాల న్యాయస్థానాలకు ఎక్కినది. 25 మైళ్ల నిబంధనను మాత్రం రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం కొట్టివేసినది. మిగిలిన చట్టాన్ని 1908 నవంబరులో అమెరికా సుప్రీం కోర్టు సమర్థించినది. మనుష్యులు కలిసి చదువుకొనే హక్కును గూర్చి కోర్టు తేల్చలేదు. కళాశాల రాష్ట్రం పుట్టించిన సంస్థ కాబట్టి దాని అధికారపత్రాన్ని రాష్ట్రం మార్చవచ్చునని మాత్రమే చెప్పి తప్పుకొన్నది. కెంటకీవాడే అయిన న్యాయమూర్తి హార్లన్ ఈ తీర్పుతో విభేదించాడు. తమంతట తాము ఇష్టపడి కలిసి చదువుకొనే అమాయకులైన పిల్లలను వారి రంగునుబట్టి విడదీసే అధికారం ప్రభుత్వానికి ఉన్నట్లయితే, ఇక స్వేచ్ఛకు అర్థమేమున్నదని ఆయన వాదసారం. విచిత్రమేమంటే ఆయనతోపాటు విభేదించిన మరొక న్యాయమూర్తి పేరు కూడ డే.

బెరియా ఇప్పుడు ఒక జాతిని ఎన్నుకొనవలసి వచ్చినది. తెల్లవారిని ఉంచుకొన్నది. నల్లవిద్యార్థులను ఫిస్క్ మొదలైన ఇతర కళాశాలలకు ఖర్చులిచ్చి పంపినది. వారికై లూయీవిల్ నగరానికి తూర్పున లింకన్ ఇన్‌స్టిట్యూట్ అనే ప్రత్యేక పాఠశాలను కట్టించింది. అది 1912లో తెరవబడినది. కోట్లకు పడగలెత్తిన కార్నెగీ అందుకు 2,00,000 డాలర్లు వాగ్దానం చేశాడు. నల్లజాతివారి వద్ద ఆ పాఠశాలకై చందాలు వసూలు చేసినవాడు ఎవరో కాదు, కోడెదూడతో నడిచి వచ్చిన ఆ జేమ్స్ బాండే. తనను తలయెత్తుకొని నిలిపిన గుమ్మం తనవారికి మూతపడగా, వారికొరకు వేరొక గుమ్మం కట్టడానికి ఊరూర జోలె పట్టిన అతని మనస్సు ఏ విధంగా ఉన్నదో ఊహించుకొనవలసినదే.

ఇక్కడ న్యాయం చెప్పడం కష్టం. చట్టాన్ని ధిక్కరిస్తే కళాశాల మూతపడేది. వందలాది బీదపిల్లలు వీధిన పడేవారు. చట్టానికి లొంగితే పుట్టిన ఆశయమే పోతుంది. కోర్టుల చుట్టూ నాలుగేళ్లు తిరిగి పోరాడిన మాట నిజమే. కాని చట్టం రాకపూర్వమే తూకం ఒకవైపు మొగ్గినదనీ, ఆ మొగ్గు వల్లనే విడిపోవడం అంత సులువైనదనీ నాటి నల్లజాతి పూర్వవిద్యార్థులు కొందరు నిష్ఠూరమాడారు. ఆ నిష్ఠూరంలో సత్యం లేకపోలేదు. చట్టం గొడ్డలివేటు వేసినది. అయితే చెట్టు అప్పటికే ఒకవైపు వంగియున్నది. మహాసంస్థలు ఒక్కదినంలో పడిపోవు. దాతకు ఏ కథ రుచిస్తే ఆ కథ చెప్పడం నేర్చుకొన్న దినంనుండి మెల్లమెల్లగా పక్కకు ఒరుగుతాయి.

మళ్లీ తెరిచిన తలుపు

నలుబదియారేండ్లు ఆ తలుపు మూసియున్నది. 1950లో కెంటకీ శాసనసభ ఆ చట్టాన్ని సవరించి, ఉన్నత విద్యాలయాలకు ఎన్నుకొనే స్వేచ్ఛ ఇచ్చిన వెంటనే బెరియా నల్లవిద్యార్థులను మళ్లీ చేర్చుకొన్నది. దేశంలోని పాఠశాలలలో జాతివిభజన చెల్లదని సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది 1954లో. అంటే బెరియా ఆ తీర్పు వచ్చేవరకు వేచియుండలేదు. 1965 మార్చిలో ఓటుహక్కుకై సెల్మానుండి మాంట్‌గొమరీకి సాగిన మహాయాత్రలో ఇక్కడి విద్యార్థులు, ఉపాధ్యాయులు పాల్గొన్నారు. ఆ ఉద్యమంలో అఖిల దేశఖ్యాతి గాంచిన యువనాయకుడు జూలియన్ బాండ్ ఆ జేమ్స్ బాండ్ మనుమడే. కెంటకీ బిడ్డయైన ప్రసిద్ధ రచయిత్రి బెల్ హుక్స్ 2004లో ఇక్కడికి బోధనకు వచ్చి, 2021లో ఈ ఊరిలోనే తనువు చాలించినది.

అయినా నలుబదియారేండ్లు తక్కువ కాలం కాదు. రెండు తరాల నల్లజాతి పిల్లలు ఆ మిట్ట పక్కనే పుట్టి పెరిగి, ఆ గంట మోత వింటూ, ఆ గుమ్మం దాటలేకపోయారు. వారి తాతలలో కొందరు ఫీ వెంట కాంప్ నెల్సన్‌నుండి నడిచి వచ్చి ఆ నేలను చదును చేసినవారే. ఆ తరాలకు జరిగిన లోటును ఏ మూలనిధీ పూడ్చలేదు.

రుసుము తీసివేయడం ధనంతో అయ్యే పని. దానికి దాతలుంటే చాలు. శ్రమకు గౌరవం తేవడం నియమంతో అయ్యే పని. దానికి పట్టుదల ఉంటే చాలు. పంక్తిలో అందరినీ సమంగా కూర్చుండబెట్టడానికి ఈ రెండూ చాలవు. దానిని ప్రతి తరంవారూ మళ్లీ మొదటినుండి సంపాదించుకొనవలసియున్నది. 1855లో గెలిచినవారు 1904లో ఓడిపోవచ్చును. ఇట్టి ఓటమి కెంటకీ కొండలకే పరిమితం కాదు. విద్యాదానం పేరిట నడిచే సంస్థలు ఉన్న ప్రతి దేశంలోను, ఆ దానపు పంక్తిలో ఎవరు కూర్చున్నారో, ఎవరు గుమ్మం వెలుపల నిలబడి పిలుపుకై ఎదురుచూస్తున్నారో అప్పుడప్పుడు లేచి చూచేవాడు ఒకడు ఉండాలి.